సంతకం లేని నీళ్లు

మేం చదువుకునే రోజుల్లో రాజమండ్రిలో ఎవరింటికి వెళ్లినా ముందుగదిలో గోడ మీద ఒక గోదావరి ఉండేది. డాక్టరు గారి దగ్గర టోకెన్ తీసుకుని కూర్చుంటే తల మీద గోదావరి, బట్టల కొట్లో యజమాని కుర్చీ వెనక గోదావరి, లాయరు గారి గుమాస్తా బల్ల పక్కన గోదావరి. అన్నిట్లోనూ రైలు వంతెన, రెండు పడవలు, రేవులో స్నానాలు చేసేవాళ్లు నలుగురు, మిగతాదంతా నీళ్లు. కిటికీ తీస్తే అసలు గోదావరి కనబడే ఇళ్లలో కూడా బొమ్మ గోదావరి ఉండేది (అసలుది వరదల్లో టీ రంగుకి తిరుగుతుంది, బొమ్మలోది పన్నెండు నెలలూ నీలంగానే ఉంటుంది, అందుకని కాబోలు). ఇవన్నీ ఎక్కడివని అడిగితే ఎవరైనా చెప్పేది ఒకటే, మా ఆర్ట్ కాలేజీ. ఊళ్లో కుంచె పట్టినవాళ్లంతా ఆ గేటులోంచి బయటికి వచ్చినవాళ్లే. పెళ్లిపందిళ్ల వెనక తెరలు రాసేవాళ్లు, కొట్లకి బోర్డులు రాసేవాళ్లు, బడి గోడల మీద నెమళ్లు వేసేవాళ్లు, పెద్దాపురం జాతరకి గుడ్డల మీద అమ్మవారిని రాసి పంపేవాళ్లు, అందరూ ఒకరికొకరు అన్నలో తమ్ముళ్లో మాస్టార్లో అవుతారు. ఈ సంగతి చెప్పుకుని ఊరు మురిసిపోతుంది. నేనూ మురిసిపోయేవాణ్ణే. కానీ నాకు ఆ కాలేజీలో ఒక అన్యాయం జరిగింది. దాన్ని ఇప్పటిదాకా మా ఆవిడకీ, ఆవిడ తరఫు చుట్టాలకీ, మా స్కూల్లో తోటి మాస్టార్లకీ, బస్సులో పక్కసీటు వాళ్లకీ చెప్పాను. ఎవరూ చివరిదాకా వినలేదు (ఎవరెవరు ఎక్కడెక్కడ లేచి వెళ్లిపోయారో నాకు గుర్తుంది). మీరైనా వింటారని రాస్తున్నాను.

మాది రావులపాలెం. నాన్నకి అరటి మార్కెట్లో కొట్టు ఉంది. గోదావరి లంకల్లోంచి గెలలు పొద్దున్నే వచ్చి దిగుతాయి, సాయంత్రానికి లారీలెక్కి పోతాయి. ఇంటర్ అయ్యాక నేను ఆ కొట్లో కూర్చుంటానని ఇంట్లో అందరూ అనుకున్నారు, నేను తప్ప. ఆర్ట్ కాలేజీలో చేరతానని అన్నం మానేశాను (మధ్యాహ్నం ఒక్కపూటే, సాయంత్రం అమ్మ పెసరట్టు వేసింది). నాన్న కోప్పడే మనిషి కాదు. కోప్పడి ఉంటే నాకు చెప్పుకోడానికి ఇంకొకటి మిగిలేది. ఆయన గెలని చూసినట్టు నన్ను కాసేపు చూసి, "ఏడాది చూద్దాంరా. ఏడాది చివర మీ కాలేజీవాళ్లు ఎగ్జిబిషన్ పెడతారంట కదా. అందులో నీ పేరు రాసున్న బొమ్మ ఒక్కటి చూపించు. చూపిస్తే చదువుకో. లేదంటే వచ్చి కొట్లో కూర్చో" అన్నారు. తేలికైన షరతే అనిపించింది. ఒక్క బొమ్మ, దాని కింద ఒక్క పేరు.

చేరాక తెలిసింది, మొదటి ఏడాదివాళ్లని బొమ్మలు వేయనివ్వరని. మేం పదకొండుమందిమి. మా పని గీతలు గీయడం, కుండలు గీయడం, పెద్దవాళ్ల కుంచెలు కడగడం, కాన్వాసు చెక్కకి బిగించడం. ఎగ్జిబిషన్‌లో మొదటి ఏడాదివాళ్ల బొమ్మలు పెట్టే అలవాటే లేదు. ఈ ముక్క అడ్మిషన్ ఫారంలో ఎక్కడా లేదు. నేను తరవాత ఆ ఫారం వెతికి రెండు వైపులా చూశాను. నా క్లాసులో మిగిలిన పదిమందీ దీని గురించి బాధపడినట్టు కనబడలేదు. వాళ్ల నాన్నలు వాళ్లకి షరతులు పెట్టలేదు కాబోలు. ఎగ్జిబిషన్ గోడ దాకా వెళ్లడానికి నాకు మిగిలిన దారి ఒక్కటే, పెద్ద బొమ్మ.

పెద్ద బొమ్మంటే ఏంటో చెప్పాలి. ఊళ్లో ఎవరికైనా గోడంత బొమ్మ కావాలంటే కాలేజీకే వస్తారు. ఆఖరి ఏడాది విద్యార్థి ఒకరు ఆ పని ఒప్పుకుంటారు. ఇక అందరూ తలా ఒక చెయ్యి వేస్తారు. ఆకాశం ఒకరు, వంతెన ఒకరు, రేవులో మనుషులు ఇంకొకరు. నీళ్లు మాత్రం ఎప్పుడూ మొదటి ఏడాదివాళ్లవే. నీళ్లు చాలా ఉంటాయి, చెడిపోతే వాటి మీదే మళ్లీ వేయొచ్చు, వంతెన చెడిపోతే మాత్రం రైలు పడిపోతుందేమోనని చూసినవాళ్లకి భయం వేస్తుంది. అదీ కారణం. చివరికి సంతకం పని ఒప్పుకున్నవాళ్లది. ఎప్పటినుంచో అంతే. ఆ ఏడాది కొత్తగా కట్టిన ఒక కల్యాణ మండపంవాళ్లు భోజనాల హాలుకి గోదావరి కావాలని వచ్చారు. పని ఒప్పుకున్నది పడవల అన్న. ఆయనకి పడవలు తప్ప ఇంకేవీ సరిగ్గా కుదిరేవి కావు, మనిషి ముఖం వేసినా కొంచెం ఒక పక్కకి ఒరిగి ఉండేది, అందుకని ఆ పేరు. ఆయన మా క్లాసుకి వచ్చి పదకొండుమందినీ చూసి, నా దగ్గర ఆగి, "తమ్ముడూ, నీళ్లు నువ్వు చూసుకో" అన్నాడు. దాన్ని నేను, ఈ బొమ్మ మనిద్దరం వేస్తున్నాం అని అర్థం చేసుకున్నాను. పైగా ఆ బొమ్మలో మూడొంతులు నీళ్లే. కాబట్టి బొమ్మలో మూడొంతులు నాదే అనుకున్నాను (అది తప్పని ఇప్పటికీ అనుకోను).

నీళ్లు నేర్పేది నీళ్ల మాస్టారు. ఆయన అసలు పేరు హాజరుపట్టీలో ఉండేదేమో గానీ మనుషుల నోట ఉండేది కాదు. ఆ కాలేజీలోనే చదువుకుని, అక్కడే మాస్టారై, ఉద్యోగం మొత్తం నీళ్లు నేర్పుతూ గడిపారు. ఆయన పద్ధతి ఒక్కటే. ఒక పొడుగు గీత, రెండు పొట్టి గీతలు, కాస్త ఖాళీ. ఆ ఖాళీ ఎందుకండీ అంటే, నీళ్లు ఊపిరి పీల్చుకోవద్దా అనేవారు. మణికట్టు పట్టుకుని మరీ వేయించేవారు. మొదటి వారం నేను వేసినవి చూసి, ఇవి నీళ్లు కావురా, తడిసిన చాప, అన్నారు. క్లాసంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో చెప్పగలను, కానీ ఇప్పుడది కాదు సంగతి. ఇరవై రెండు రోజులు వేశాను. గోళ్లు నీలంగా మారితే ఇంట్లో అమ్మ భయపడి ఆసుపత్రికి తీసుకెళతానంది. ఇరవై రెండో రోజు మాస్టారు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూసి, "ఊఁ" అని వెళ్లిపోయారు. మా కాలేజీలో అంతకన్నా పెద్ద మెచ్చుకోలు లేదు. ఆ సాయంత్రమే నాన్నకి చెప్పాను, ఎగ్జిబిషన్‌కి రండి, నా పేరు చూద్దురు గాని అని. నాన్న మార్కెట్లో పక్క కొట్లవాళ్లకి కూడా చెప్పుకున్నారని తరవాత తెలిసింది.

ఎగ్జిబిషన్ ఇంక నాలుగు రోజులుందనగా బొమ్మల కింద అంటించే చీటీలు టైపై వచ్చాయి. మా బొమ్మ చీటీ తీసి చూశాను. "గోదావరి. ఆయిల్." దాని కింద పడవల అన్న పేరు. మళ్లీ చదివాను. తిప్పి వెనక చూశాను. వెనక జిగురు ఉంది.

నేను నేరుగా పడవల అన్న దగ్గరికి వెళ్లాను. ఆయన బొమ్మకి వార్నిష్ పూస్తున్నాడు. నా పేరేది అని అడిగితే ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. దేనికి తమ్ముడూ అన్నాడు. నీళ్లకి అన్నాను. ఆయన కుంచె పక్కన పెట్టి, జాలిగా, "నేను ఫస్టియర్లో వేసిన నీళ్లు ఇప్పుడు ఎవరింట్లో ఉన్నాయో, వాటి కింద ఎవరి పేరుందో నాకే తెలీదు. అందరం అలాగే వేశాం తమ్ముడూ. నువ్వూ ఆఖరి ఏడాది పెట్టుకుందువు గాని" అన్నాడు. నాకు ఆఖరి ఏడాది దాకా గడువు లేదని, నాలుగు రోజులే ఉందని ఆయనకి చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ మంచి మనిషి అప్పుడే రాసేసేవాడేమో. కానీ నాకు కావలసింది న్యాయం, జాలి కాదు. అక్కడి నుంచి నీళ్ల మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన అంతా విని, "నీళ్లకి పేరేంటిరా?" అన్నారు. అది ప్రశ్నో జవాబో ఇప్పటికీ నాకు తేలలేదు.

ఇక మిగిలింది ప్రిన్సిపాల్ మేడం. నాలుగు పేజీల ఫిర్యాదు రాశాను, మూడు జిరాక్సులు తీశాను (ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది, కావాలంటే చూపిస్తాను). మేడం విద్యార్థుల్ని కూడా అండీ అని పిలిచే మనిషి. ఆవిడ ఒక పేజీ చదివి, మీరే క్లుప్తంగా చెప్పండి అన్నారు. నేను క్లుప్తంగా ముప్పావుగంట చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి, పెట్టుకుని, మళ్లీ తీశారు. ఆ గదిలోనే ఒక మూల ఫ్రేముల బాబాయ్ కొత్త ఫ్రేములకి కొలతలు రాసుకుంటూ కూర్చుని ఉన్నాడు. మేడం చివరికి, అన్ని బొమ్మల్లోనూ నీళ్లు ఒకేలా ఉంటాయి కదండీ, ఇవి మీవేనని ఎలా తెలుస్తుంది, అని అడిగారు. ఆవిడ అడిగింది మామూలుగానే. నేనే మామూలుగా ఉండలేకపోయాను.

"వెయ్యి బొమ్మల్లో కలిపి పెట్టినా నా నీళ్లు నేను గుర్తుపడతానండి" అన్నాను.

మూలనున్న ఫ్రేముల బాబాయ్ టేపు చుట్టడం ఆపాడు. ఈ బాబాయ్ గురించి ఒక ముక్క చెప్పాలి. ఆయనకి బొమ్మలు వేయడం రాదు, వాళ్ల నాన్న కాలం నుంచీ కాలేజీ బొమ్మలకి ఫ్రేములు కట్టడమే పని. కానీ ఊళ్లో కుంచె పట్టినవాళ్లంతా సాయంత్రమైతే చేరేది ఆయన కొట్టు ముందే. ఎవరికి ఏ పని వచ్చిందో, ఏ గుడికి ఎవరు రంగులు వేస్తున్నారో, ఫ్లెక్సీలొచ్చాక ఎవరు పని మానేశారో అక్కడే తెలుస్తుంది. అందుకని నేనన్న మాట ఆ సాయంత్రానికల్లా రాజమండ్రిలోని చిత్రకారులందరికీ తెలిసిపోయింది. మర్నాడు నేను బస్సు దిగేసరికి, టీ కొట్టు దగ్గర నాకు పరిచయం లేని ఒకాయన, నీళ్లు గుర్తుపట్టేది మీరేనాండీ అని అడిగాడు. ఎగతాళో గౌరవమో తెలియక నమస్కారం పెట్టాను.

పరీక్ష పెట్టాలన్న ఆలోచన బాబాయ్‌దే. మేడం ఒప్పుకున్నారు, గుర్తుపడితే చీటీలో మీ పేరు కూడా రాయిస్తానండీ అని నాకు మాటిచ్చారు. ఎగ్జిబిషన్ ముందురోజు పొద్దున్న అన్నారు. నేను అక్కడి నుంచే నాన్నకి ఫోన్ చేసి, ఒక రోజు ముందే రమ్మన్నాను. ఈ పని ఎందుకు చేశానని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. నా గెలుపుకి ఒక సాక్షి ఉండాలని చేశాను.

హాల్లో ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి తాడు కట్టి, బాబాయ్ తన కొట్లోని అట్టరంగు కాగితం చుట్ట విప్పి గోడలా వేలాడదీశాడు. దాని వెనక అయిదు గోదావరులు. నాలుగు పాతవి, స్టోర్ గదిలోంచి తెచ్చినవి, ఒకటి మాది. కాగితానికి ఒకే ఎత్తులో అయిదు కిటికీలు కోశాడు. ఒక్కో కిటికీలోంచి జానెడు నీళ్లు తప్ప ఇంకేమీ కనబడవు. పడవ లేదు, వంతెన లేదు, బొమ్మ పెద్దదో చిన్నదో తెలియదు. చూడ్డానికి మేడం, నీళ్ల మాస్టారు, పడవల అన్న మాత్రమే వస్తారనుకున్నాను. సగం ఊరు వచ్చింది. పెళ్లితెరలు రాసేవాళ్లు, గుడి గోడలవాళ్లు, అందరికన్నా ముందు బోర్డుల పెద్దాయన. ఈయన నీళ్ల మాస్టారితో కలిసి చదువుకున్నవాడు. ఒకప్పుడు మెయిన్ రోడ్డులో బోర్డులన్నీ ఈయన చేతివే, ఫ్లెక్సీలొచ్చాక ఖాళీ. నాన్న చేతిలో చక్రకేళి అరటిపళ్ల హస్తం ఒకటి పట్టుకుని వచ్చి, ఎవరికివ్వాలో తెలియక పట్టుకునే నిలబడ్డారు.

నేను మొదటి కిటికీ దగ్గర ఆగి, ఇవి బాగా అలవాటైన చెయ్యండీ, నావి కావు అన్నాను. మాస్టారు తల ఊపారు. రెండో కిటికీ దగ్గరికి వచ్చి ఆగాను. ఆ పొడుగు గీత నాది, ఆ పొట్టి గీతలు నావి, ఆ ఖాళీ కూడా నాదే. అయినా తొందరపడలేదు. మూడోది చూశాను, కాదు. నాలుగో దాని దగ్గర కాస్త వంగి, "ఇవి మరీ తొందరపడి వేసినట్టున్నారండి. నీళ్లకి ఊపిరి ఆడట్లేదు" అని చిన్నగా నవ్వాను. పడవల అన్న దగ్గాడు. ఆ దగ్గుకి అర్థం నాకు అప్పుడు తెలియలేదు. అయిదోది చూసి, వెనక్కి నడిచి, రెండో కిటికీ మీద చెయ్యి పెట్టి ఇదేనండి అన్నాను.

నీళ్ల మాస్టారు ముందుకి వచ్చి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరగా చూశారు. కుర్ర చెయ్యే అన్నారు. ఇదిగో, ఇక్కడ గీత బెదిరింది, వీడు ఎప్పుడూ ఇక్కడే బెదురుతాడు, అన్నారు. బోర్డుల పెద్దాయన కూడా వంగి చూసి, మొదటి ఏడాది నీళ్లేనండి మేడం గారూ, సందేహం లేదు, అన్నాడు. మేడం చీటీ తీసి, కలం మూత తీశారు. నేను నాన్న వైపు చూశాను. నా జీవితంలో ఎవరి మీదా ఫిర్యాదు లేకుండా నేను గడిపిన సమయం అదొక్కటే, చూసుకుంటే అర నిమిషం ఉంటుంది.

బొమ్మని బయటికి తేవడానికి ఫ్రేముల బాబాయ్ కాగితం వెనక్కి వెళ్లాడు. ఎంతసేపటికీ రాలేదు. కాసేపటికి వెనకనుంచి గొంతు మాత్రం వచ్చింది.

"మేడం గారండీ. ఈ ఫ్రేముకి మేకులు కొట్టింది మా నాన్న గారండి."

"అంటే ఏంటండీ?"

"అంటే నేనప్పుడు నాలుగో తరగతి చదువుతున్నానండి."

కాగితం తీశారు. పాత బొమ్మ. మూలనున్న సంతకం ఎవరిదంటే, ఎప్పుడో పోయిన ఒక పెద్ద చిత్రకారుడిది, ఆయన కూడా ఒకప్పుడు ఇక్కడ ఆఖరి ఏడాది విద్యార్థే. నేనింకా ఆ బొమ్మ మీంచి చెయ్యి తియ్యలేదు. తీస్తే ఒప్పుకున్నట్టవుతుందేమోనని. నీళ్ల మాస్టారు మాత్రం ఆ బొమ్మనే చూస్తూ, ఇవి నేను వేసిన నీళ్లు, అన్నారు.

"నువ్వు వేసింది ఎడం పక్క" అన్నాడు బోర్డుల పెద్దాయన. "ఇది కుడి పక్క. ఇన్నేళ్లూ చెప్పకుండా ఊరుకున్నానని నీదయిపోదయ్యా."

"మరి ఇందాక గీత బెదిరిందంటే సందేహం లేదన్నావు?"

"బెదిరింది నీ మోచెయ్యి తగిలి."

వాళ్లిద్దరూ అరవై దగ్గర పడుతున్నవాళ్లు. రోజూ ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగేవాళ్లు. మొదటి ఏడాదిలో కలిసి వేసిన నీళ్ల గురించి ఒక్కనాడూ ఒకళ్లతో ఒకళ్లు అనుకోలేదట. ఇప్పుడు మొదలెట్టారు. వాళ్లని చూసి పెళ్లితెరల ఆయన, ఫలానా డాక్టరు గారి గదిలో ఉన్నవి తన నీళ్లని, కింద ఇంకెవరి పేరో ఉందని అందుకున్నాడు. గుడి గోడల ఆయన ఆ నీళ్లు నీవి కావు, ఆ బ్యాచ్‌లో నీళ్లు వేసింది నేను అన్నాడు. ఇంకెవరో కోర్టు గుమాస్తా గదిలో గోదావరి గురించి మొదలెట్టారు. ఊళ్లో ఉన్న గోదావరులన్నిటికీ ఒక్కోదానికి ఇద్దరు ముగ్గురు చొప్పున హక్కుదార్లు బయల్దేరారు. ప్రతివాళ్లకీ లోపల ఒక నీళ్ల బాధ ఉందని నాకు అప్పుడే తెలిసింది. నాకు ఓదార్పుగా ఉండాల్సింది, కానీ ఒళ్లు మండింది. ఫిర్యాదు నాది. నాలుగు పేజీలు రాసినవాణ్ణి నేను. నా ఫిర్యాదు మీద ఎక్కి కూర్చుని అందరూ తమ తమ ఫిర్యాదులు చెప్పుకుంటుంటే, నా వైపు చూసేవాళ్లే లేరు. మేడం కలం పట్టుకుని ఎవరి పేరు రాయాలో తెలియక అలాగే నిలబడ్డారు.

నాన్న నా పక్కకి వచ్చారు.

"ఇందులో నువ్వేసింది ఏదిరా?"

నాలుగోది చూపించాను. వార్నిష్ పూశాక మెరుపొచ్చి నాకే కొత్తగా ఉంది. ఆ ముక్క నాన్నకి చెప్పబోయాను.

"ఊపిరి ఆడట్లేదన్నావు?"

ఆయన ఆ బొమ్మ దగ్గరికి వెళ్లి చూశారు, రెండోదాని దగ్గరికి వెళ్లి చూశారు, మళ్లీ ఇటొచ్చారు. గెలల్ని చూసేటప్పుడు కూడా అంతే, రెండుసార్లు తిరుగుతారు. వెనకనుంచి చూస్తూ నేను కొట్లో నా కుర్చీ ఎక్కడ వేస్తారా అని ఆలోచిస్తున్నాను.

"గెలని చూసి ఏ లంకదో చెప్పేస్తాం. కోసినవాడెవడో చెప్పగలమా?" అన్నారు. "ఇదీ అలాగే ఉంది. ఒక్క ఏడాదికే నీ నీళ్లకీ, మీ మాస్టారి నీళ్లకీ మీ మాస్టారికే తేడా తెలియలేదు. అబద్ధం చెప్పేటంత తీరిక వాళ్లకి లేదు, చూడు ఎలా కొట్టుకుంటున్నారో. పేరు సంగతి తరవాత చూద్దాం. ఇంకో ఏడు ఉండు."

అని చేతిలోని చక్రకేళి హస్తం తీసుకెళ్లి, వాదించుకుంటున్న ఇద్దరు పెద్దవాళ్లకీ మధ్యలో పెట్టి వచ్చేశారు. వాళ్లు చెరో పండూ తీసుకుని, ఒలుచుకుంటూనే మిగతా వాదన పూర్తి చేశారు.

అలా నేను కాలేజీలో ఉండిపోయాను. నాకు కావలసింది అదే. కానీ నేను అడిగింది అది కాదు. నేను ఆ రోజు గెలిచానా ఓడిపోయానా అని ఆలోచించి ఆలోచించి చాలా బస్సులు దిగాల్సినచోట దిగకుండా ముందుకి వెళ్లిపోయాను. మర్నాడు ఎగ్జిబిషన్‌లో ఇంకోటి జరిగింది. మేడం రాత్రంతా ఆలోచించారట, ఎవరికీ బాధ లేకుండా చీటీలో ఒక వాక్యం చేర్చారు. "నీళ్లు: ప్రథమ సంవత్సర విద్యార్థులు." మేం పదకొండుమందిమి. మిగిలిన పదిమందీ ఆ బొమ్మ మీద ఒక్క చుక్క పెట్టలేదు. ఆ పదిమందీ తమ అమ్మానాన్నల్ని తీసుకొచ్చి, ఆ చీటీ పక్కన నిలబెట్టి ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. ఒకడైతే నన్నే తీయమని ఫోన్ చేతికిచ్చాడు. తీశాను. కొంచెం కదిపి తీశాను.

తరవాత నా ఆఖరి ఏడాది కూడా వచ్చింది. అప్పటికి పెద్ద బొమ్మలు అడిగేవాళ్లు తగ్గిపోయారు, గోదావరిని ఫొటో తీసి గోడంత ప్రింటు కొట్టించుకుంటున్నారు. కాబట్టి గోదావరి కింద సంతకం పెట్టే వంతు నా దాకా రానేలేదు (దీని మీద ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో నాకు తెలియలేదు, తెలిస్తే చేసేవాణ్ణి). ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ మాస్టారిగా ఉన్నాను. పిల్లలకి నీళ్లు నేర్పుతాను. వేరే పద్ధతిలో నేర్పుదామని చాలా ప్రయత్నించాను, చెయ్యి వినలేదు.

పోయిన వానాకాలం ఆ కల్యాణ మండపం మేనేజరు ఫోన్ చేశాడు. భోజనాల హాలు గోడ చెమ్మెక్కి బొమ్మ కింది భాగం పెచ్చులూడిందట, వేరేవాళ్లయితే రంగు కలవదని ఎవరో నా నంబరు ఇచ్చారట. వెళ్లి చూశాను. కుడిపక్క కింది మూల, మూరెడు వెడల్పున నీళ్లు పోయాయి. వాటితోపాటు పడవల అన్న సంతకం కూడా పోయింది, మొదటి అక్షరం, చివరి తోక మాత్రం మిగిలాయి. కూర్చుని నీళ్లు వేశాను. మధ్యాహ్నానికి అయిపోయింది. సంతకం ఉండాల్సిన చోట మాత్రం ఖాళీగా వదిలాను. హాల్లో మేనేజరు తప్ప ఎవరూ లేరు. నా చేతిలో సన్న కుంచె ఉంది, దాని మీద నల్ల రంగు ఉంది. నేను ఏం ఆలోచించానో మీకు చెప్పక్కర్లేదు.

బాగా ఆలోచించి పడవల అన్నకి ఫోన్ చేశాను. ఆయన ఇప్పుడు కాకినాడలో ఉంటున్నాడు. అన్నా, నీ సంతకంలో మధ్య అక్షరం ఎటు తిరుగుతుంది, అని అడిగాను. ఏ బొమ్మ తమ్ముడూ అన్నాడు. చెప్పాను. ఎంత చెప్పినా ఆయనకి ఆ బొమ్మ గుర్తుకి రాలేదు. పరీక్ష గుర్తుంది, కాగితం కిటికీలు గుర్తున్నాయి, అరటిపళ్లు గుర్తున్నాయి, బొమ్మ గుర్తు లేదు.

"ఇంతకీ ఇప్పుడు నా సంతకం ఎందుకు తమ్ముడూ? నీ పేరు రాసేసుకో. ఎవరు చూస్తారు" అన్నాడు.

నాలుగు పేజీలు, మూడు జిరాక్సులు, సగం ఊరి ముందు పరువు పోగొట్టుకుని నేను అడిగినదాన్ని ఆయన అలా, కూర తెమ్మని చెప్పినంత తేలిగ్గా ఇచ్చేశాడు. అంత చవగ్గా ఇస్తే నేను తీసుకుంటానా? నాకు అక్కర్లేదన్నాను. ముందు మధ్య అక్షరం ఎటు తిరుగుతుందో చెప్పమన్నాను. ఆయన కాగితం మీద పెట్టి ఫొటో తీసి పంపాడు. దాన్ని చూస్తూ, తోకతో సహా, ఆయన సంతకం ఆయనకన్నా బాగా పెట్టాను. వెనక్కి జరిగి చూసుకున్నాను. పొద్దున్న వేసిన నీళ్లేవో, మొదటి ఏడాదిలో వేసినవేవో వెతికాను. ఎక్కడ కలిశాయో నాకే దొరకలేదు.

మేనేజరు వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"సంతకం ఆయనదే గానీ, నీళ్లు మాత్రం నేనే వేశానండి" అన్నాను, అవసరమైతే మొదటి నుంచీ చెప్పడానికి సిద్ధపడుతూ.

"మీరేనండి. పొద్దుటినుంచీ చూస్తూనే ఉన్నాను కదండీ" అన్నాడాయన. "చేతులు కడుక్కోండి, భోజనం చేసి వెళ్దురు గాని."

ఆ మాట ఒప్పుకున్నవాళ్లు ఇంతకుముందు ఎవరూ లేరు కదా, ఒప్పుకుంటే ఏం చెయ్యాలో నేను ఎప్పుడూ అనుకుని పెట్టుకోలేదు. ఆ ఖాళీ హాల్లో, ఒక్కడి కోసం వేసిన ఆకు ముందు, బొమ్మ వైపు తిరిగి కూర్చున్నాను. పప్పూ అన్నం కలుపుకుంటుంటే ఎందుకో నవ్వొచ్చింది. ఏంటండీ అన్నాడు మేనేజరు. ఏం లేదండీ, కొంచెం నెయ్యి వేయండి, అన్నాను.